నర్మదా పరిక్రమలో బస

నర్మదా నదిని కుడివైపున ఉంచుకొని, ఎక్కడా దాటకుండా రెండు తీరాల వెంబడి చేసే ప్రదక్షిణమే నర్మదా పరిక్రమ. నది పొడవు 1,312 కిలోమీటర్లు కనుక నడక సుమారు 2,600 కిలోమీటర్లు.

ఈ దారిలో బసను ముందుగా కుదుర్చుకొనే ఆచారం లేదు. పొద్దువాలే వేళకు చేరిన ఊరిలోని ఆశ్రమమో, ధర్మశాలయో, గుడి మండపమో, గృహస్థుని అరుగో ఆశ్రయమవుతుంది. "నర్మదే హర్" అన్న పలకరింపే పరిచయం. వండుకొనే యాత్రికులకు పిండి, పప్పు, ఉప్పు ఇస్తారు. సదావ్రతమనే ఈ దానం తెలుగునాట స్వయంపాకం ఇవ్వడం వంటిదే. పెట్టే ఇల్లు పేదదైనా పెట్టడం మానదు. యాత్రికుడు అతిగా ఆశించరాదు. చాతుర్మాస్యంలో నడక ఆపి ఒకేచోట ఉంటారు కాబట్టి ఆ బసను మాత్రం ముందే ఆలోచించుకోవాలి.

కష్టమైన భాగం శూలపాణి ఝాడీ. ఈ కొండ అడవిలో ఊళ్ళు దూరదూరంగా ఉంటాయి. పూర్వం ఇక్కడ యాత్రికుల బట్టలు సైతం దోచుకొనేవారని ప్రతీతి. సర్దార్ సరోవర్ జలాశయంలో పాత శూలపాణేశ్వరాలయంతోపాటు తీరపు బాటలూ, మజిలీలూ మునిగిపోయాయి. నేటి యాత్రికులు నదికి ఎడంగా, చుట్టుదారిన నడుస్తారు.

సముద్రసంగమం వద్ద దక్షిణ తీరం నుండి ఉత్తర తీరానికి పడవలో దాటాలి. పడవ బయలుదేరేది పోటును బట్టి కనుక అక్కడ ఒకటి రెండు రాత్రులు ఆగవలసి రావచ్చు.