ఫ్లాటు సొంతమే... ఫీజు ఏటేటా!

హైదరాబాద్ హోటళ్లలో దుబాయ్ ఫ్లాట్ల ప్రదర్శనలు తరచూ జరుగుతుంటాయి. తళతళలాడే బ్రోచర్లు, గాజు గోడలు, ఈతకొలను, ఎదురుగా సముద్రం. ధర ఎంతో చెబుతారు. అద్దె ఎంతొస్తుందో అడక్కుండానే చెబుతారు. సర్వీస్ ఛార్జి ఎంతో మాత్రం అడిగితేనే చెబుతారు!

మనకు తెలిసిన మెయింటెనెన్స్ లాంటిదే ఇది. వాచ్‌మన్, లిఫ్టు, మోటారు, మెట్ల లైట్లు... అంతేగా అనుకుంటే పొరపాటే. మన దగ్గర చాలాచోట్ల ఆ డబ్బు అద్దెకున్నవాళ్లే కట్టేస్తారు. దుబాయ్‌లో సర్వీస్ ఛార్జి బాధ్యత యజమానిదే. ఫ్లాటుకు తాళం వేసి ఉన్నా, అద్దెకు మనిషి దొరక్కపోయినా ఇంటిని అప్పగించిన నాటి నుంచీ కట్టాల్సిందే.

లెక్క చదరపు అడుక్కి, ఏడాదికి ఇన్ని దిర్హామ్‌లని ఉంటుంది. ఉదాహరణకు 800 చదరపు అడుగుల ఫ్లాటు, అడుక్కి 18 దిర్హామ్‌లు అనుకుందాం. ఏడాదికి 14,400. మన డబ్బులో మూడు లక్షల పైమాటే! పది లక్షల దిర్హామ్‌లు పెట్టి కొంటే ఏటా 70,000 అద్దె వస్తుందని, ఏడు శాతం రాబడి అని అమ్మేవాళ్లు ఊరిస్తారు. ఈ ఖర్చు తీసేస్తే మిగిలేది 55,600. ఏడు కాస్తా ఐదున్నర అయింది. మధ్యలో రెండు నెలలు ఖాళీగా ఉంటే ఇంకా తగ్గుతుంది.

చల్లదనానికీ బిల్లు

ఎండలు మండిపోయే ఊరు కదా, ఏసీ లేనిదే గడవదు. చాలా టవర్లకు ఒకే కేంద్రం నుంచి చల్లటి నీళ్లు గొట్టాల ద్వారా వస్తాయి. కొన్ని భవనాల్లో ఈ ‘చిల్లర్’ ఖర్చు సర్వీస్ ఛార్జిలోనే కలిసి ఉంటుంది. మరికొన్నింటిలో విడిగా కట్టాలి. అక్కడా వాడకానికి కొంత, వాడకున్నా కొంత ఉండొచ్చు. కాబట్టి రెండు భవనాల రేట్లు పోల్చేముందు చిల్లర్ అందులో ఉందో లేదో అడగాలి.

‘మేం ఈతకొలను వాడం, జిమ్‌కి వెళ్లం, ఆ వాటా కట్టం’ అంటే కుదరదు. ఉమ్మడి ఆస్తులపై 2019లో వచ్చిన దుబాయ్ చట్టం ఆ వాదనకు చోటివ్వలేదు. అదే చట్టం కొనుగోలుదారుకీ కొంత అండగా నిలిచింది. అమ్ముడుపోని ఫ్లాట్ల వాటా బిల్డరే కట్టాలి. నిర్వాహకులు ఇష్టమొచ్చినట్లు రేటు పెంచడానికి వీల్లేదు. లెక్కలు ఆడిట్ చేయించి, రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ ‘రెరా’ అనుమతి పొందాలి. వసూళ్లన్నీ ‘మొల్లక్’ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారానే. ఆ పేరుకు అరబిక్‌లో యజమానులని అర్థం. భవనాలవారీగా ఆమోదించిన రేట్లను దుబాయ్ భూ విభాగం వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. బ్రోచర్ కన్నా దాన్ని నమ్మడం మేలు.

మరమ్మతుల నిధి

రేటు తక్కువగా ఉందని సంబరపడిపోకూడదు. ఫీజులో కొంత భాగం పెద్ద మరమ్మతుల కోసం రిజర్వు నిధికి వెళ్లాలి. మన కార్పస్ ఫండ్ లాంటిదన్నమాట. అది చాలకపోతే ఏమవుతుందో అమెరికా చూసింది. ఫ్లోరిడాలోని సర్ఫ్‌సైడ్‌లో 2021 జూన్‌లో సముద్రం ఒడ్డున ఉన్న 12 అంతస్తుల అపార్ట్‌మెంట్‌లో చాలా భాగం అర్ధరాత్రి దాటాక కూలి 98 మంది చనిపోయారు. అప్పటికి కొద్ది నెలల ముందే మరమ్మతులకని కోటిన్నర డాలర్ల భారాన్ని యజమానులపై వేశారు. ఒక్కో ఫ్లాటుకు వేలల్లో కాదు, లక్ష డాలర్లకు అటూఇటూగా! ఏళ్ల తరబడి ఫీజులు తక్కువగా ఉంచి నిధి పోగుచేయకపోవడం వల్ల వచ్చిన తిప్పలివి. ఆ తర్వాతే పాత భవనాల తనిఖీలను, నిధినీ తప్పనిసరి చేస్తూ 2022లో ఫ్లోరిడా చట్టం తెచ్చింది.

పాత ఫ్లాటు కొనేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. దుబాయ్‌లో బకాయిలుంటే ముందు నోటీసు వస్తుంది. గడువులోగా కట్టకపోతే వ్యవహారం ఎగ్జిక్యూషన్ జడ్జి దాకా, చివరికి వేలం దాకా వెళ్లొచ్చు. అమ్మేవారి బకాయిలు తీరాయంటూ బిల్డర్ ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం... అదే, ఎన్‌వోసీ చేతికొచ్చాకే రిజిస్ట్రేషన్. దాంతోపాటు గత రెండు మూడేళ్ల సర్వీస్ ఛార్జి బిల్లులూ అడిగితే రేటు ఎలా పెరుగుతోందో తెలిసిపోతుంది.