టర్బో నుంచి ఆయిల్ కారుతోందా? విప్పే ముందు ఇవి చూడండి

ట్రాక్టరు నీలం పొగ వదులుతోంది. రోజూ ఆయిల్ తగ్గుతోంది. టర్బో కింద తడి కనిపిస్తోంది. మెకానిక్ చూసి "టర్బో పోయింది, మార్చాలి" అంటాడు. ఇలా చెప్పించుకుని మా దగ్గరకు వచ్చే రైతులు ఈమధ్య ఎక్కువయ్యారు. అందరూ అడిగేది ఒకటే: రిపేరు కిట్ తెచ్చుకుని ఇంటి దగ్గరే వేసుకోవచ్చా అని.

కొన్ని రకాల టర్బోలకు వేసుకోవచ్చు. అయితే ఆయిల్ కారినంత మాత్రాన టర్బో పాడైనట్టు కాదు. కారణం టర్బో బయట ఉంటే కిట్ వేసినా, ఏకంగా కొత్త టర్బో వేసినా కొద్ది రోజులకే మళ్ళీ కారుతుంది.

మా మండలంలో ఒక కౌలు రైతుకు ఇదే జరిగింది. ఆయన గడ్డి కట్టలు కట్టే బేలర్‌ను కిరాయికి తిప్పుతాడు. వరి కోతలు జోరుగా ఉన్న రోజుల్లో టర్బో కారిందని అప్పు తెచ్చి కొత్తది వేయించాడు. ఇరవై రోజులకు అదీ కారింది. చివరకు విప్పి చూస్తే టర్బో నుంచి ఇంజనులోకి ఆయిల్ దిగే పైపు మూతి దగ్గర, అంతకుముందెప్పుడో గ్యాస్కెట్‌కు పూసిన పేస్టు ముద్దకట్టి సగం దారి మూసేసి ఉంది. ఆ ముద్ద గీకేసి కొత్త గ్యాస్కెట్ వేయగానే కారడం ఆగిపోయింది. తీసేసిన పాత టర్బోను పరీక్షిస్తే దానికి ఏ లోపమూ లేదు. అది ఇప్పటికీ ఆయన షెడ్డులో సంచిలో ఉంది.

టర్బోలో ఆయిల్ ఎలా నిలుస్తుంది

టర్బోలో ఒక షాఫ్ట్, దాని రెండు చివర్లా రెండు చక్రాలు ఉంటాయి. సైలెన్సర్‌కు పోయే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. దాంతోపాటు తిరిగే రెండో చక్రం గాలిని ఒత్తిడితో ఇంజనులోకి నెడుతుంది. లోడు మీద ఉన్నప్పుడు ఈ షాఫ్ట్ నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరగడం మామూలే. ఆ వేగంలో అది బేరింగును నేరుగా తాకదు, సన్నటి ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఆ ఆయిల్ ఇంజను పంపు నుంచి ఒత్తిడితో పైనుంచి వస్తుంది. తిరిగి వెళ్ళేటప్పుడు మాత్రం ఏ ఒత్తిడీ ఉండదు. కాలువలో నీళ్ళు పల్లానికి పోయినట్టు తన బరువుతోనే కింది పైపు ద్వారా ఇంజనులోకి జారిపోవాలి.

సీలు అనగానే మనకు హబ్బులో వేసే రబ్బరు సీలు గుర్తుకొస్తుంది. టర్బో షాఫ్ట్‌కు అలాంటిది ఉండదు. పిస్టన్ రింగులాంటి సన్నని లోహపు రింగులు ఉంటాయి. అవి ఒంటరిగా ఆయిల్‌ను ఆపలేవు. చక్రాల వైపు ఉండే గాలి, పొగల ఒత్తిడి ఆయిల్‌ను మధ్య గదిలోనే ఉంచుతుంది. ఆ గదిలో ఆయిల్ నిండకుండా ఎప్పటికప్పుడు దిగిపోతూ ఉండాలి. ఈ రెండింటిలో ఏది తప్పినా మంచి టర్బో కూడా కారుతుంది.

ముందు బయట వెతకండి

మొదట టర్బోను, పైపులను డీజిల్ గుడ్డతో శుభ్రంగా తుడిచి, పది నిమిషాలు ఇంజను నడిపి, ఆపి చూడండి. చాలాసార్లు పైన ఆయిల్ వచ్చే పైపు బోల్టు వాషర్ దగ్గర కారి కిందంతా తడిసి ఉంటుంది. వాషర్లు మారిస్తే సరిపోతుంది. గాలి పైపు విప్పినప్పుడు లోపల వేలికి అంటేంత ఆయిల్ తడి ఉంటే కంగారు పడవద్దు. చాలా ఇంజన్లలో బ్రీదర్ ఆవిరి ఆ పైపులోకే వస్తుంది కాబట్టి ఆ మాత్రం తడి సహజం. ఆయిల్ మడుగు కట్టి ఉంటేనే ఆలోచించాలి.

తర్వాత ఎయిర్ ఫిల్టర్. మన దగ్గర టర్బోలను చంపేది ఎక్కువగా దుమ్మే అని నా అభిప్రాయం. పొడి దుక్కిలో రోటవేటర్, నూర్పిడి, గడ్డి కట్టలు, ఈ పనులు చేసే రోజుల్లో మాన్యువల్‌లో రాసిన గంటల కోసం ఆగకూడదు. ఫిల్టర్ మూసుకుపోతే గాలి చక్రం ముందు పీల్పుడు పెరిగి, ఆయిల్‌ను రింగు దాటించి లాగేస్తుంది. ఫిల్టర్‌ను టైరుకేసి కొట్టడం మానండి. మడతలు చిరిగితే ఆ సందులోంచి వెళ్ళిన ఇసుక రేణువు చక్రం రెక్కల అంచులను కొరికేస్తుంది. తక్కువ ఒత్తిడి గాలితో లోపలి నుంచి బయటికి ఊదాలి. రెండో లోపలి ఫిల్టర్ ఉంటే దాన్ని ఊదకుండా మార్చేయడమే మంచిది. ఆయిల్ బాత్ రకమైతే గిన్నెలో ఆయిల్ గీత దాటి పోయకండి. ఎక్కువైతే ఆ ఆయిలే టర్బోలోకి వెళ్ళి, టర్బో కారుతున్నట్టు భ్రమ కలిగిస్తుంది.

కింది పైపు సంగతి పైన చెప్పాను. అది నొక్కుకుపోకుండా, మెలిక పడకుండా, ఎక్కడా పైకి ఎత్తు లేకుండా ఇంజను వైపు వాలుగా ఉండాలి. విప్పి లోపల వెలుతురు కనిపిస్తోందో లేదో చూడండి. బిగించేటప్పుడు గ్యాస్కెట్ ఒక్కటే వేయండి, పేస్టు పూయవద్దు.

బ్రీదర్ పైపు కూడా మూసుకుపోకూడదు. అది మూసుకుంటే ఇంజను లోపల ఒత్తిడి పెరిగి, టర్బో నుంచి ఆయిల్ కిందికి దిగదు. ఇంజను నెమ్మదిగా నడుస్తుండగా ఆయిల్ పోసే మూత జాగ్రత్తగా వదులు చేసి చూడండి. కొంచెం ఆవిరి వస్తే ఫర్వాలేదు. పొగ గొట్టంలా బుసబుసమని తన్నుతుంటే, బ్రీదర్ శుభ్రం చేసినా అలాగే ఉంటే, పిస్టన్ రింగులు అరిగిపోయాయని అనుమానించాలి. అటువంటి ఇంజనుకు ఎంత ఖరీదైన టర్బో వేసినా డబ్బు దండగ.

డిప్‌స్టిక్ పై గీత దాటి ఆయిల్ పోసినా ఇదే ఇబ్బంది. ధాన్యం బస్తాలు ఎత్తేంతసేపూ ఇంజనును ఖాళీగా నడుస్తూ వదిలేసినా అంతే, చక్రాల వైపు ఒత్తిడి తక్కువగా ఉండి ఆయిల్ మెల్లగా ఊరుతుంది.

నిర్లక్ష్యం చేస్తే

ఆయిల్ ఎక్కువగా ఇంజనులోకి వెళ్తున్న ట్రాక్టరును "సీజను అయ్యాక చూద్దాం" అని నడపకండి. డీజిల్ ఇంజను తన ఆయిల్‌నే ఇంధనంగా కాల్చుకోవడం మొదలుపెడితే రొద పెంచుకుంటూ పోతుంది. తాళం తీసినా, స్టాప్ లాగినా ఆగదు. అప్పుడు గాలి ఆపడమే మార్గం. ఎయిర్ క్లీనర్ పైపు మూతిని గట్టి చెక్క పలకతో మూయాలి, చేతిని గానీ గుడ్డను గానీ అడ్డం పెట్టవద్దు. సీటులోనే ఉంటే, ముందు మనుషులెవరూ లేకపోతే, బ్రేకులు గట్టిగా తొక్కి పై గేరులో వేసి క్లచ్ వదిలి ఇంజనును ఆపవచ్చు. రెండూ కుదరకపోతే పక్కకు తప్పుకోండి. ఇంజను పోతే పోయింది.

షాఫ్ట్ ఆట

బయటి కారణాలేవీ కనిపించనప్పుడే టర్బో లోపలికి వెళ్ళాలి. ఇంజను పూర్తిగా చల్లారాక గాలి పైపు విప్పి, చక్రం మధ్య నట్టును వేళ్ళతో పట్టుకోండి. పక్కలకు ఊపితే కొద్దిగా ఆట తెలుస్తుంది, అది ఆయిల్ పొర కోసం వదిలిన చోటు. ముందుకు వెనక్కి లాగితే మాత్రం చేతికి దాదాపు తెలియకూడదు. డయల్ గేజ్‌తో కొలిస్తే ఈ ఆట సాధారణంగా 0.1 మిల్లీమీటరు లోపు ఉంటుంది. మీ మోడల్ కొలత మాన్యువల్‌లో చూసుకోండి. పక్కకు నొక్కి తిప్పినప్పుడు రెక్క గోడకు రాసుకుంటే, గోడ మీద గీతలుంటే, రెక్కల అంచులు వంగి ఉంటే కిట్ పనికిరాదు. పైపు విప్పి ఉన్నప్పుడు ఎట్టి పరిస్థితిలోనూ ఇంజను స్టార్ట్ చేయకండి.

ఇంట్లో ఎంతవరకు

వారంటీలో ఉన్న బండిని విప్పకండి. కామన్ రైల్ ఇంజన్ల పికప్ వాహనాల్లో చాలావాటికి లోపల కదిలే రెక్కలున్న టర్బో ఉంటుంది. దాని అమరిక ఇంట్లో కుదిరేది కాదు. 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు ట్రెమ్-4 ప్రమాణాలు వచ్చాయి. ఆ కొత్త ఎలక్ట్రానిక్ ఇంజన్ల జోలికీ వెళ్ళవద్దు. మిగిలినవి పాత సాదా టర్బోలు. వీటిలోనూ వేస్ట్‌గేట్ కడ్డీ అమరికను కదపకూడదు.

సాదా టర్బోకు రెండు దారులున్నాయి. ఒకటి, బ్యాలెన్స్ చేసి వచ్చే మధ్య భాగం, అంటే కోర్, మొత్తంగా మార్చడం. రెండోది బేరింగులు, రింగులున్న కిట్ వేయడం. ఖర్చు ఎక్కువైనా నా సలహా కోరే. కాలం కలిసొచ్చే పని అది.

చేతి పని బాగా తెలిసినవారు కిట్ వేయాలనుకుంటే, విప్పే ముందే రెండు హౌసింగులకూ మధ్య భాగానికీ గుర్తులు పెట్టండి. షాఫ్ట్ కొన, నట్టు, గాలి చక్రం, ఈ మూడూ కలిసేలా ఒకే గీత గీయండి. అవి ఎలా ఉండి బ్యాలెన్స్ అయ్యాయో అలాగే తిరిగి కూర్చోవాలి. ఈ నట్టు చాలా టర్బోలలో ఎడమ మర. తెలియక బలవంతం చేస్తే షాఫ్ట్ వంగుతుంది. సుత్తి వాడవద్దు. భాగాలను కిరోసిన్‌లో నానబెట్టి నైలాన్ బ్రష్‌తో తోమండి, ఇనుప బ్రష్, ఎమరీ కాగితం చక్రాలకు తగలకూడదు. రింగు కూర్చునే గాడిలో గట్టిపడిన మసి మొత్తం పోవాలి, లేకపోతే కొత్త రింగు సరిగా కూర్చోదు. షాఫ్ట్ మీద గోరుకు తగిలే గీత ఉన్నా, వేడికి నీలిరంగు తేలినా అక్కడితో ఆగి కోర్ తెచ్చుకోండి. కొత్త బేరింగులు, రింగులకు శుభ్రమైన ఇంజను ఆయిల్ పూసి బిగించండి. నట్టు బిగింపు మాన్యువల్ ప్రకారమే ఉండాలి. బ్యాలెన్సింగ్ మెషీన్ ఉన్న టర్బో వర్క్‌షాపు దగ్గరలో ఉంటే, హౌసింగులు వేయకముందే కోర్ ఒక్కటి తీసుకెళ్ళి చూపించండి. లక్ష చుట్లు తిరిగేదానికి చిన్న తేడా కూడా పెద్దదే.

బిగించాక

ఇంజను ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్చకుండా టర్బో బిగించవద్దు. టర్బోకు ఆయిల్ తెచ్చే సన్న పైపు లోపల మసి పట్టి ఉంటుంది. కడగడం కన్నా కొత్తది వేయడం నయం. తీసిన పాత ఆయిల్‌ను గట్టు మీద, కాలువలో పారబోయకండి. డబ్బాలో పోసి వర్క్‌షాపుకు ఇవ్వండి.

పై పైపు కలిపే ముందు టర్బో రంధ్రంలో శుభ్రమైన ఆయిల్ పోసి, చక్రాన్ని చేత్తో నాలుగు చుట్లు తిప్పండి. తర్వాత స్టాప్ లాగి పట్టుకుని, ఇంజను అందుకోకుండా పది పదిహేను సెకన్లు సెల్ఫ్ కొట్టండి. స్టార్ట్ అయ్యాక రెండు మూడు నిమిషాలు రేస్ ఇవ్వకుండా వదిలి, జాయింట్లు తుడిచి చూడండి. పైపుల్లో మిగిలిన పాత ఆయిల్ వల్ల మొదట్లో కాసేపు నీలం పొగ వస్తుంది. అరగంట లోడు మీద నడిచాక కూడా వస్తుంటే ఆపేయండి. మొదటి రోజు పని అయ్యాక, ఇంజను చల్లారాక బోల్టుల బిగింపు, డిప్‌స్టిక్ మళ్ళీ చూడండి. ఆ రోజు నుంచి పొలంలో లోడు పని ముగియగానే తాళం తీయకుండా రెండు నిమిషాలు నెమ్మదిగా నడిచి చల్లబడనివ్వండి. అంతకుమించి ఖాళీగా నడపవలసిన పనిలేదు.