సంఘం మీటింగా... మనకెందుకులే అనుకోవద్దు!

బుట్టాయగూడెం, జీలుగుమిల్లి, పోలవరం వైపు నుంచి చదువు కోసం ఏలూరుకో తాడేపల్లిగూడేనికో వచ్చారా? అయితే ఇది మీకోసమే. హాస్టల్లో చేరగానే చాలామంది కోయ మాట పక్కన పెట్టేస్తారు. అమ్మతో ఫోన్ మాట్లాడాలన్నా వరండా చివరికి వెళ్తారు. ఇక గిరిజన సంఘం మీటింగంటే ‘ఆ రాజకీయాలు మనకెందుకు, ఉద్యోగం చూసుకుందాం’ అంటారు. ఆ ఉద్యోగం కోసమే సంఘం కావాలి.

జీవో 3 సంగతే చూడండి. ఏజెన్సీ స్కూళ్లలో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో ఇచ్చిన ఉత్తర్వు అది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. బీఈడీ చదివే కోయ, కొండరెడ్డి పిల్లలకు అది మామూలు దెబ్బ కాదు. ఆ హక్కు మళ్లీ కావాలని అడుగుతున్నది గిరిజన సంఘాలే. ఒక్కరు అర్జీ పెడితే ఎవరు పట్టించుకుంటారు?

డెల్టా పల్లెల్లోని యానాది, ఎరుకల పిల్లలకు ఈ తోడు ఇంకా అవసరం. వాళ్లూ ఎస్టీలే కానీ వాళ్ల ఊళ్లు షెడ్యూల్డ్ ప్రాంతంలో లేవు. రాష్ట్ర ఉద్యోగాల్లో 6 శాతం, కేంద్రంలో 7.5 శాతం రిజర్వేషన్ ఉన్నా, కుల ధ్రువపత్రం టైముకి చేతిలో లేకపోతే లాభం లేదు. దానికి ఎవరిని కలవాలో చెప్పే సీనియర్లు సంఘంలో దొరుకుతారు.

పట్నం వచ్చాక సంఘం కట్టుకోవడం మన దగ్గరే కాదు. అమెరికాలో నగరాలకు చేరిన మూలవాసులు 1968లో మినియాపొలిస్‌లో అమెరికన్ ఇండియన్ మూవ్‌మెంట్ మొదలుపెట్టారు.

అలాగని కళ్లు మూసుకుని చేరిపోకండి. ముందు ఇవి అడగండి:

* చందా లెక్కలు సభ్యులకు చూపిస్తారా?
* కమిటీలో అమ్మాయిలున్నారా?
* ఎన్నికలప్పుడే కనిపిస్తారా, ఏడాదంతా పనిచేస్తారా?

నచ్చిన సంఘం లేదా? 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడుగురుంటే చాలు, మీరే పెట్టుకోవచ్చు. ముందు ఒక వాట్సాప్ గ్రూపు, ఒక షీటు తెరవండి. నోటిఫికేషన్, ఆఖరు తేదీ, కావాల్సిన పత్రాలు అందులో రాయండి. మీటింగ్ నడపడం, లెక్క రాయడం, అధికారితో మాట్లాడటం కూడా అక్కడే అలవాటవుతాయి. రేపు ఇంటర్వ్యూలో ‘టీమ్‌లో పనిచేశారా?’ అంటే చెప్పడానికి నిజమైన అనుభవం ఉంటుంది.

ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి వెళితే కొమ్ము నృత్యం దగ్గర సెల్ఫీ దిగండి, తప్పులేదు. వచ్చేముందు సభ్యత్వం ఎవరిస్తారో కూడా కనుక్కోండి.