బెర్లిన్‌లో ఒక హైదరాబాదు ఇల్లు

అబిడ్స్ అనే పేరే ఒక పరదేశి విడిచిపోయిన పేరు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కొలువులో ఉండిన ఆల్బర్ట్ ఆబిడ్ అనే అర్మేనియన్ ఇక్కడ ఒక దుకాణం పెట్టినాడు. దుకాణం పోయినది, యజమాని పోయినాడు. పేరు మాత్రం కూడలికి మిగిలినది. ఆ కూడలి నుంచి నాంపల్లి రైలు స్టేషను వైపు వెళ్ళే దారిలో ‘గోల్డెన్ థ్రెషోల్డ్’ అనే పాత ఇల్లు ఒకటి ఉన్నది. సరోజినీ నాయుడుగారి ఇల్లని అందరూ ఎరుగుదురు. ఆ కుటుంబంలో పుట్టి, యూరప్‌లో పరదేశిగా జీవించి, తిరిగి ఈ ఊరు చూడకుండానే పోయిన ఒకరిని గురించి, ఆయనతో కాపురం చేసిన ఒక స్త్రీని గురించి ఈనాడు కొంత చెప్పదలచినాను.

డాక్టరు అఘోరనాథ్ చటోపాధ్యాయ ఎడింబరోలో విజ్ఞానశాస్త్రం అభ్యసించి, డాక్టరు పట్టం పొంది, 1878 ప్రాంతంలో హైదరాబాదు వచ్చినారు. ఆయన ఇక్కడ స్థాపించిన పాఠశాలయే పెరిగి నిజాం కళాశాల అయినది. ఆయన, భార్య వరదసుందరీదేవి ఎనమండుగురు పిల్లలను కన్నారు. పెద్దబిడ్డ సరోజిని 1879లో, తరువాత వీరేంద్రనాథ్ 1880లో జన్మించినారు. సరోజినీదేవి మొదటి కవితాసంపుటి 1905లో లండనులో వెలువడినది. దాని పేరే ఇంటికి వచ్చినది. ఆ గ్రంథానికి పీఠిక వ్రాసిన ఆర్థర్ సైమన్స్ అనే ఆంగ్లకవి, ఆమె తన తండ్రిని వర్ణిస్తూ వ్రాసిన జాబులోని మాటలను అందులో చేర్చినారు. ఆ జాబును బట్టి చూస్తే అఘోరనాథుల తోటలో ప్రతిదినం ఒక దర్బారు జరిగేది. అన్ని మతాల పండితులు వచ్చేవారు. రాజులు, బిచ్చగాండ్రు, సాధువులు, అసాధువులు కూడా వచ్చేవారు. అందరికీ ఒకే మర్యాద. ఆయన సంపాదన పరోపకారానికి, రసవాద ప్రయోగాలకు కరిగిపోయినది.

ఈ తలుపు మూయని ఇంటిలో పెరిగిన వీరేంద్రనాథ్ 20వ శతాబ్దపు తొలి ఏండ్లలో ఐ.సి.ఎస్. పరీక్షకని ఇంగ్లండు వెళ్ళినారు. పరీక్ష దక్కలేదు. న్యాయవిద్యకు చేరినారు కాని, శ్యామజీ కృష్ణవర్మ స్థాపించిన ‘ఇండియా హౌస్’ విప్లవకారులతో స్నేహం కుదిరి, ఆ చదువు కూడా తెగిపోయినది. 1910లో పారిస్, 1914లో జర్మనీ, యుద్ధకాలంలో బెర్లిన్‌లోని భారతీయుల సంఘం, 1917 నుంచి కొన్నేండ్లు స్టాక్‌హోమ్. 1915లో తండ్రి మరణించిన వార్త ఆయనకు పరదేశంలోనే అందినది. బ్రిటిషు ప్రభుత్వానికి ఆయన శత్రువు. ఆ ప్రభుత్వం నుంచి పాస్‌పోర్టు ఆశించే వీలు లేదు. స్వదేశంలో అడుగు పెడితే చెరసాల తప్పదు. మిత్రులు ఆయనను ‘చట్టో’ అని పిలిచేవారు.

1920 చివర, లేక 1921 మొదట, ఆగ్నెస్ స్మెడ్లీ అనే అమెరికన్ వనిత బెర్లిన్ చేరినారు. ఆమె మిస్సోరీ రాష్ట్రంలో ఒక బీదకుటుంబంలో 1892లో జన్మించినారు. న్యూయార్కులో లాలా లజపతిరాయ్ వలన భారతదేశపు సమస్యను తెలుసుకొన్నారు. మన విప్లవకారులకు తోడ్పడినందుకు 1918లో అరెస్టయి కొంతకాలం జైలులో ఉన్నారు. బెర్లిన్‌లో ఆమె, వీరేంద్రనాథ్ భార్యాభర్తలుగా కాపురం పెట్టినారు. ఆయన పూర్వ వివాహబంధం చట్టరీత్యా తెగనందున వీరి వివాహం రిజిస్టరు కాలేదు. అయినా ఆమె చటోపాధ్యాయ అనే ఇంటిపేరుతోనే మెలగినారు.

పరదేశంలో ఇటువంటి కాపురం ఏ విధంగా సాగేదో కొంచెం వివరించవలసి ఉన్నది. మొదటిది ధనం సంగతి. యుద్ధానికి ముందు ఒక డాలరుకు సుమారు 4 జర్మను మార్కులు వచ్చేవి. 1923 నవంబరు నాటికి అదే డాలరు విలువ 4,20,000 కోట్ల మార్కులకు పెరిగినది. దీని ఫలితం రెండు విధాలుగా ఉండేది. ఇంటినుంచి పౌనులు వచ్చే విద్యార్థికి జర్మనీ చవక దేశం. మార్కులలో సంపాదించేవానికి మాత్రం ఉదయం వచ్చిన జీతం సాయంత్రానికి రొట్టెకు కూడా చాలేది కాదు. యుద్ధం ముగిసిన తరువాతి ఏండ్లలో మన యువకులు జర్మనీ విశ్వవిద్యాలయాలకు వెళ్ళుటకు ఈ చవకదనం ఒక కారణం. శత్రుదేశమైన బ్రిటన్‌లో కాక మరొకచోట శాస్త్రం, యంత్రవిద్య నేర్వవలెననే పట్టుదల మరొక కారణం. మన హైదరాబాదులోనే జన్మించి, 1967లో రాష్ట్రపతి అయిన డాక్టరు జాకీర్ హుస్సేన్ కూడా ఆ ఏండ్లలో బెర్లిన్‌లో చదివినవారే.

రెండవది అతిథుల సంగతి. క్రొత్తగా వచ్చిన విద్యార్థికి భాష రాదు, గది దొరకదు, తిండి సహించదు. అతడు చట్టో ఇల్లు వెదకుకొంటూ వచ్చేవాడు. ఆగ్నెస్ స్మెడ్లీ 1943లో వెలువరించిన తన చైనా గ్రంథంలో ఈ ఇంటిని జ్ఞాపకం చేసికొన్నారు. హిందువులు, ముస్లిములు, అన్ని కులాలవారు ఎడతెరిపి లేకుండా వచ్చిపోయేవారు. కొందరు ఓడ దిగి పరుపుచుట్టతో, వంటపాత్రలతో నేరుగా గుమ్మంలోకి వచ్చేవారు. వీరేంద్రనాథ్ ఎవరినీ పొమ్మనలేదు. తండ్రి తోటలో చూచినదే ఆయన ఇక్కడ చేసినారు.

కాని రెండు ఇండ్లకు ఒక భేదం ఉన్నది. నాంపల్లిలో జీతం తెచ్చే తండ్రి ఉండినాడు, ఇల్లు దిద్దుకొనే తల్లి ఉండినది. బెర్లిన్‌లో ఒక చిన్న కొంప, స్థిరమైన రాబడి లేని భర్త, ఆరోగ్యం చెడిన ఒక స్త్రీ. పత్రికలకు వ్యాసాలు వ్రాసేది ఆమె. మన ‘మోడరన్ రివ్యూ’లోనూ ఆమె వ్రాతలు వెలువడినవి. ఇంగ్లీషు పాఠాలు చెప్పేది ఆమె. వచ్చినవారికి వండి వార్చేది కూడా ఆమెయే. ఉన్న వస్తువులు అమ్ముకొని, రొట్టె, బంగాళాదుంపలు, పప్పుతో వారాలు గడపిన రోజులు ఆమె వ్రాతలలో కనిపిస్తవి. భోజనాల వద్ద దేశస్వాతంత్ర్యం గురించి గంటల తరబడి వాదాలు జరిగేవి. ఆ వాదాలలో ఆమెకూ అభిప్రాయాలు ఉండేవి. గిన్నెలు తోమే పని మాత్రం వాదానికి వచ్చేది కాదు.

మూడవది ప్రయాణాల సంగతి. 1921లో ఈ దంపతులు మరికొందరు భారతీయులతో మాస్కో వెళ్ళినారు. అంతర్జాతీయ కమ్యూనిస్టు సంస్థ సహాయం అర్థించుట వారి ఉద్దేశం. అప్పటికే అక్కడ ఎం.ఎన్. రాయ్ పలుకుబడి స్థిరపడి ఉన్నందున పని నెరవేరలేదు. వీరి ప్రయాణాలు విహారానికి కావు. ఒకచోట ఆశ కనిపిస్తే అక్కడికి, మరొకచోట పోలీసుల నీడ పడితే అక్కడినుంచి. మనస్సుకు, శరీరానికి విశ్రాంతి లేక ఆగ్నెస్ మంచాన పడినారు. చాలాకాలం మానసిక వైద్యం పొందినారు. 1925 ప్రాంతంలో ఆ కాపురం విడిపోయినది. డెన్మార్కులో ఒక రచయిత్రి ఇంటిలో తలదాచుకొని ఆమె తన జీవితాన్నే నవలగా వ్రాసినారు. ‘డాటర్ ఆఫ్ ఎర్త్’ అనే ఆ నవల 1929లో వెలువడినది. ఆమె అప్పటికే చైనా చేరినారు.

ఆ కుటుంబం నుంచే మరొక జంట కూడా ఆ ఏండ్లలో బెర్లిన్‌లో ఉండినది. చటోపాధ్యాయుల చివరి కుమార్తె సుహాసిని, ఆమె భర్త, మలబారుకు చెందిన ఏ.సి.ఎన్. నంబియార్. సుహాసిని 1928లో స్వదేశానికి తిరిగి వచ్చినారు. నంబియార్ యూరప్‌లోనే ఉండి, స్వాతంత్ర్యం తరువాత పశ్చిమజర్మనీలో మన రాయబారిగా పనిచేసినారు.

జవహర్‌లాల్ నెహ్రూ తన భార్య కమల చికిత్సకై 1926లో యూరప్ వెళ్ళినప్పుడు వీరేంద్రనాథ్‌ను బెర్లిన్‌లో కలిసినారు. 1927 ఫిబ్రవరిలో బ్రస్సెల్స్‌లో జరిగిన పీడితజాతుల మహాసభకు నెహ్రూ కాంగ్రెసు ప్రతినిధిగా వెళ్ళినారు. ఆ సభనుంచి పుట్టిన సామ్రాజ్య వ్యతిరేక సంఘానికి వీరేంద్రనాథ్ కార్యదర్శి. ఆయన తెలివిని, సరసత్వాన్ని, చిరిగిన దుస్తులను, పూట గడవని బీదతనాన్ని, దానిని లెక్కచేయని హాస్యాన్ని నెహ్రూ తన ఆత్మకథలో ఆప్యాయంగా తలచుకొన్నారు. అతిథులు చూచిన చట్టో అటువంటివాడు. ఆ మాట నిజమే. ఇంటిలోని మనిషి చూచినది కూడా నిజమే.

1931 తరువాత వీరేంద్రనాథ్ లెనిన్‌గ్రాడ్‌లోని విజ్ఞాన పరిషత్తులో మానవజాతుల శాస్త్రానికి సంబంధించిన సంస్థలో పనిచేసినారు. 1933లో ఆగ్నెస్ ఆయనను అక్కడ కడసారి చూచినారు. 1937లో స్టాలిన్ కాలపు నిర్బంధాలలో ఆయన అరెస్టయి, సెప్టెంబరు 2న కాల్చివేయబడినారు. ఆ వార్త దశాబ్దాలపాటు బయటికి రాలేదు. సరోజినీదేవి 1949లోను, ఆగ్నెస్ స్మెడ్లీ 1950లో ఆక్స్‌ఫర్డులోను మరణించినారు. ఆగ్నెస్ చితాభస్మం బీజింగులో ఉన్నది.

ఈ కథను నేను చెప్పుటకు కారణం ఒక్కటే. అతిథిని దేవుడని నమ్మిన దేశం మనది. పరీక్షలకని, ఉద్యోగాలకని, ఆసుపత్రి పనులకని ఊరినుంచి వచ్చి, నాంపల్లి స్టేషనులో దిగి, సంచితో నేరుగా మన గుమ్మంలోకి వచ్చే బంధువులు ఏ ఇంటికి లేరు? మన ఇంటిపెద్దకు ఆ గుమ్మం వలన మంచిపేరు వస్తుంది. నలుగురికి అన్నం పెట్టినవాడని చెప్పుకొంటారు. పెట్టినది ఎవరి చేయి అని విచారించేవారు తక్కువ. బెర్లిన్ ఇంటి సంగతి మనకు తెలియుటకు కారణం, ఆ వంటింటిలో నిలబడిన మనిషి కలం పట్టిన మనిషి కావడమే. నాంపల్లి ఇంటిలో ఆ దర్బారుకు ప్రతిదినం వంట చేయించిన వరదసుందరీదేవి యౌవనంలో వంగభాషలో చక్కని గీతాలు వ్రాసినారని ఆమె కుమార్తె చెప్పినారు. తన వంటింటిని గురించి ఆమె ఏమి వ్రాసి ఉండేవారో మనం ఊహించుకోవలసినదే.

తలుపు తెరచి ఉంచడం గొప్ప గుణం. దానిని మానుకొమ్మని నేను చెప్పడం లేదు. వీరేంద్రనాథ్ వంటివారు ఆ తలుపు మూసి ఉంటే, దిక్కులేని ఎందరో యువకులకు ఆ నగరంలో ఒక పూట అన్నం ఉండేది కాదు. తలుపు తెరిచినవారు లోపలి బరువులో కూడా పాలు పంచుకోవలెనని మాత్రమే నా మనవి.

1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు మొదట గోల్డెన్ థ్రెషోల్డ్‌లోనే పనిచేసినది. ఈ తడవ అబిడ్స్ నుంచి నాంపల్లికి వెళ్ళేటప్పుడు శ్రోతలు ఆ ఇంటి ముందు ఒక నిమిషం ఆగి చూడవచ్చును. తోట వైపు చూచినప్పుడు, వంటిల్లు ఏ మూల ఉండేదో కూడా ఒకసారి ఆలోచించవచ్చును.