వాయిదా వారంలో వాన

మైక్రోఫైనాన్స్ వ్యాపారమంతా ఒక నమ్మకం మీద నడుస్తుంది: కష్టాలు వంతులవారీగా వస్తాయని. తాకట్టు ఏమీ ఉండదు. ఒకే వీధి ఆడవాళ్లు గ్రూపు కట్టి ఒకరికొకరు పూచీ పడతారు. ఒకామె ఇంట్లో జ్వరాలొచ్చి ఈ వారం వాయిదా తప్పితే మిగతావాళ్లు తలాకాస్త వేసి సర్దేస్తారు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు ఆ సర్దుబాటుకు చోటెక్కడిది? కుట్టుమిషన్, ఇడ్లీ బండి, ఆటో అన్నీ ఒకే నీళ్లలో నానాయి. అప్పు తీసుకున్నామె, ఆమెకు పూచీ పడ్డామె ఇద్దరూ మేడ మీదే.

ఈ పాఠం బంగ్లాదేశ్ ముందే నేర్చుకుంది. 1998లో ఆ దేశంలో దాదాపు మూడింట రెండు వంతుల భూభాగం రెండు నెలలకు పైగా నీళ్లలో ఉంది. అక్కడి గ్రామీణ్ బ్యాంకు నష్టపోయిన సభ్యులకు మళ్లీ కొత్త అప్పులిచ్చింది. పాత వాయిదా, కొత్త వాయిదా కలిసి నెత్తిమీద పడేసరికి చాలామంది వాయిదాలు కట్టే మీటింగులకు రావడమే మానేశారు. చివరికి బ్యాంకు తన నిబంధనలనే తిరగరాసింది. 2002 నాటికి వచ్చిన కొత్త పద్ధతిలో, కట్టలేని సభ్యురాలు అప్పును చిన్న వాయిదాలుగా మార్చుకుని సభ్యత్వం పోగొట్టుకోకుండా కొనసాగవచ్చు.

ఇప్పుడు రుణసంస్థలు సిబ్బందికి వాతావరణ మార్పు మీద శిక్షణ ఇప్పిస్తున్నాయి. మంచిదే. కానీ ధ్రువపు ఎలుగుబంటి బొమ్మతో మొదలయ్యే క్లాసు వల్ల, పొద్దున్నే బండేసుకుని ఊరూరా సెంటర్ మీటింగులకు తిరిగే ఫీల్డ్ ఆఫీసరుకు ఒరిగేదేమీ లేదు. అతనికి ముందు చెప్పాల్సింది ఒక అంకె: గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు. అందుకే వాన పడితే కుండపోత, లేకపోతే వారాల తరబడి ఎండ. సీజన్ మొత్తం కలిపి చూస్తే వర్షపాతం మామూలే అనిపిస్తుంది, చేను మాత్రం పోయి ఉంటుంది.

వాతావరణ శాఖ బులెటిన్ చదవడం కూడా నేర్పాలి. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ. ఒక మిల్లీమీటరు అంటే చదరపు మీటరుకు లీటరు నీళ్లు. ఆ లెక్కన అత్యంత భారీ వర్షం ఎకరం మీద 8 లక్షల లీటర్లకు పైగా కుమ్మరిస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం, వాన ఏ వారంలో పడిందన్నది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేనాటికి డెల్టాలో చాలాచోట్ల వరి కోతకొచ్చింది, కొన్నిచోట్ల కోసి పనల మీద ఉంది. పెట్టుబడంతా పెట్టేశాక వచ్చిన వాన అది. తడిసిన గింజ రంగు మారుతుంది, మొలకెత్తుతుంది. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో పేచీ. రైతు నష్టమైనా ప్రభుత్వ ఎన్యూమరేషన్‌లో ఎక్కుతుంది. కోతకూలి పోయిన ఆడమనిషి నష్టం ఏ కాగితంలోనూ ఉండదు. గ్రూపుల్లో ఉండేది ఎక్కువగా ఆమే.

ఎండది ఇంకో తంతు. దానికి ఫొటోలు పడవు, పోయిన రాబడికి పరిహారం రావడం అరుదు. గేదె నల్లతోలు వేడిని లాగేస్తుంది, చెమట గ్రంథులేమో తక్కువ. మే నెలలో పాలు తగ్గిపోతాయి. కోడికి చెమటే పట్టదు, రొప్పుతూ ఒళ్లు చల్లబరచుకోవాలి. కోస్తాలో ఉక్క ఉంటే మనిషి చెమట కూడా ఆరదు, కూలి మధ్యాహ్నానికే ఆగిపోతుంది. 2022 నుంచి అమల్లో ఉన్న రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబానికి అప్పుల వాయిదాలన్నీ కలిపి నెల రాబడిలో సగం మించకూడదు. ఆ రాబడిని ఫిబ్రవరిలో అడిగి రాసుకుంటే మే నెలకు అది అబద్ధమవుతుంది. ఏ నెలలో ఎంత వస్తుందో విడివిడిగా అడగడం శిక్షణలో నేర్పగలిగిన పనే.

వరదొచ్చినప్పుడు నిజంగా మునిగిందెవరో తేల్చేదీ ఫీల్డ్ ఆఫీసరే. పై ఆఫీసులో మండలమంతా ఒకే రంగులో కనిపిస్తుంది. వీధిలో చూస్తే ఒక గోడ మీద నీటి చార కిటికీ దాకా ఉంటుంది, మెరకనున్న పక్కింటికి గడప దాటదు. ఇద్దరికీ వాయిదాలు ఆపే మారటోరియం ఒకేలా ఇస్తే ఒకామెకు చాలదు, రెండో ఆమెకు ఉత్తినే వడ్డీ పెరుగుతుంది. ఈ తేడా రాసి పంపిన ఉద్యోగికి, నెలాఖరున వసూలు శాతం పడిపోయిందని ఇన్సెంటివ్ కోస్తే, మరుసటి తుపానుకు అతను చారలు చూడడు. నేరుగా వసూలుకే వెళ్తాడు. కాబట్టి మొదటి క్లాసు ఆ టార్గెట్లు వేసే బ్రాంచి మేనేజర్లకూ వాళ్ల పైవాళ్లకూ పెట్టాలి.