మాయ పంపే కబురు

నెల తప్పిన కొద్ది రోజులకే, నాలుగు మూత్రపు చుక్కలతో చేసే పరీక్షలో రెండవ గీత కనబడితే ఇల్లంతా సంతోషము నిండుతుంది. ఆ గీతకు కారణము హెచ్.సి.జి. అనే హార్మోను. దానిని తయారుచేసేది తల్లి శరీరము కాదు. బిడ్డతోపాటు రూపుదిద్దుకొనే మాయ. తల్లి అండాశయానికి అది పంపే కబురు ఒక్కటే: ప్రొజెస్టరాన్ ఇంకా ఆపవద్దు. ఆ కబురు అందకపోతే గర్భాశయపు పొర ఎప్పటివలెనే రాలిపోతుంది, గర్భము నిలువదు.

ఈ హార్మోను రెండు ముక్కల జత. ఆల్ఫా అనే ముక్క మరి మూడు హార్మోనులలోనూ ఉన్నదే. ప్రత్యేకత అంతా 145 అమైనో ఆమ్లాల బీటా ముక్కలోనే ఉంది. దాని జన్యువులు సి.జి.బి. అనే పేరుతో మన 19వ క్రోమోజోము మీద ఒకేచోట గుంపుగా ఉన్నాయి. ఆ గుంపులోనే ఎల్.హెచ్.బి. అనే మరొక జన్యువు ఉంది. అండము విడుదలకు తోడ్పడే ఎల్.హెచ్. హార్మోనుకు బీటా ముక్కనిచ్చేది అదే. అక్కచెల్లెళ్ళ పోలిక! పాత పరీక్షలు ఒకదానిని చూచి మరొకటి అనుకొనేవి. 1972లో అమెరికాలో జూడిత్ వైటుకైటిస్, ఆమె సహచరులు హెచ్.సి.జి. బీటా ముక్కను గుర్తుపట్టే రక్తపరీక్షను ప్రకటించిన తరువాతనే ఆ తికమక తీరింది.

ఇంతటి శుభవార్త తెచ్చే హార్మోనే ఒక్కొక్కసారి దుఃఖానికీ సాక్షి అవుతుంది. ముత్యాల గర్భము మాట చాలమంది వినే ఉంటారు. నెల తప్పుతుంది, వాంతులుంటాయి, పరీక్షలో గీత కూడ వస్తుంది. కాని స్కానింగులో శిశువుకు బదులు ద్రాక్షగుత్తి వంటి నీటిబుడగలు కనబడతాయి. అప్పుడు ఆ తల్లిని వేలెత్తి చూపేవారు మన సంఘాలలోనూ లేకపోలేదు. గ్రహణము చూచిందనీ, శాపమనీ, ఏదో దాచిన పాపమనీ గుసగుసలాడతారు. పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులు వేసిన ప్రశ్న ఇదే కదా! ప్రభువు దానిని త్రోసిపుచ్చాడు. ఇక వైద్యుల మాట వింటే, ఈ గర్భములో సంపూర్ణమనే రకములో క్రోమోజోములు సాధారణంగా తండ్రివైపు నుండి వచ్చినవే, తల్లివి ఉండవు. అంతమాత్రాన తండ్రిని నిందించమని మేము చెప్పడము లేదు. ఫలదీకరణ సమయములోనే జరిగిపోయే పొరపాటు అది, ఎవరి చేతిలోనూ లేదు.

గర్భాశయము శుభ్రపరచగానే పని అయిపోయిందనుకోకూడదు. సంపూర్ణ రకములో నూటికి 15 నుండి 20 మందిలో ఆ కణజాలము మిగిలి మళ్ళీ పెరుగుతుంది, కొందరిలో క్యాన్సరుగా మారుతుంది. దానిని బయటపెట్టేది మళ్ళీ హెచ్.సి.జి.యే.

1956లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ అనే వైద్యులు ఇటువంటి క్యాన్సరు ఊపిరితిత్తులకు పాకిన స్త్రీలకు మెథోట్రెక్సేట్ అనే మందు ఇచ్చారు. ఎక్స్‌రేలో గడ్డలు మాయమయ్యాయి. అయినా మూత్రములో హార్మోను జాడ ఉన్నంతవరకు మందు ఆపనన్నాడు లీ. అనవసరముగా విషము ఎక్కిస్తున్నాడని పైవారు తలచారు, ఆయన ఉద్యోగము పోయింది. కాలక్రమేణా ఆయన మాటే నిజమని తేలింది. పూర్తిగా హార్మోను పోయేవరకు మందు పొందినవారు కోలుకొన్నారు, ముందే ఆపినవారికి వ్యాధి తిరగబెట్టింది. 1972లో ఆయన లాస్కర్ పురస్కారము పంచుకొన్నాడు.

కనుక ముత్యాల గర్భము తీసివేయించుకొన్న సహోదరీలు, ఒంట్లో బాగానే ఉన్నా, వైద్యులు చెప్పిన ప్రతి తేదీకి రక్తపరీక్షకు వెళ్ళాలి. మొదట వారానికొకసారి, హార్మోను మామూలు స్థాయికి దిగిన తరువాత నెలకొకసారి పిలుస్తారు. వారు సరేననేవరకు మరల గర్భము రాకుండ చూచుకోవాలి. కొత్త గర్భము వస్తే దాని హార్మోనుకూ, వ్యాధి హార్మోనుకూ తేడా తెలియదు. ఆ గడువు దాటిన తరువాత చాలమందికి ఆరోగ్యవంతులైన బిడ్డలే పుడుతున్నారు.