నట్టు పూర్తిగా తీయొద్దు!

మీ రెజ్యూమెలో ‘ప్రాజెక్ట్స్’ కింద ఏం రాశారు? ఫైనలియర్‌లో నలుగురు కలిసి డబ్బులేసుకుని కొనుక్కొచ్చిన ప్రాజెక్టేనా? సిగ్గుపడకండి, నేనూ అదే రాశాను. మెకానికల్‌లో బీటెక్ అయ్యాక ఏడాదిన్నర ఖాళీగా ఉన్నాను. ఇంటర్వ్యూకి వెళ్లడం, ‘ఇందులో మీరు చేసిందేంటి?’ అని అడగ్గానే నీళ్లు నమలడం, తిరిగొచ్చేయడం. ఆ ఎండాకాలం చండ్రుగొండలో ఓ పాత మిలిటరీ లారీ స్టీరింగ్ చక్రం ఊడదీయడానికి నాకు మూడు రోజులు పట్టింది. తర్వాతి ఇంటర్వ్యూలో ఇరవై నిమిషాలు దాని గురించే మాట్లాడాను. మీరెప్పుడూ పానా పట్టుకోకపోయినా ఫర్వాలేదు, ఇది చదవండి.

చండ్రుగొండ ఒకప్పుడు ఖమ్మం జిల్లా, 2016 అక్టోబరు నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. కనకగిరి గుట్టల అడవి దగ్గర్లోనే మొదలవుతుంది. మా మేనమామ ఇల్లు అక్కడే. ఇంట్లో ‘ఉద్యోగం ఏమైంది’ అనే ప్రశ్న తప్పించుకోవడానికి రోజూ రోడ్డు పక్కనున్న మెకానిక్ షెడ్డులో కూర్చునేవాణ్ని. షెడ్డు వెనక చింతచెట్టు కింద ఉండేది ఆ లారీ: శక్తిమాన్.

ఈ పేరు మీలో చాలామంది వినుండరు. జర్మనీ కంపెనీ మాన్ లైసెన్సుతో 1950ల చివర్నుంచి జబల్‌పూర్‌లో మన సైన్యం కోసం తయారైన లారీ ఇది. 1990ల్లో అశోక్ లేలాండ్ స్టాలియన్ లాంటివి వచ్చేదాకా సైన్యం బరువంతా మోసింది ఇదే. పాతబడ్డ వాహనాలను సైన్యం వేలం వేస్తుంది. అలా బయటికొచ్చిన ఈ బండి కొన్నాళ్లు కలప మోసి, చేతులు మారి, ఓ పామాయిల్ రైతు దగ్గరికి చేరింది. ఆయనకు దాన్ని మళ్లీ నడిపించాలని సరదా. ముందు స్టీరింగ్ ఊగుతోంది, షాఫ్ట్ పైనుండే బేరింగ్ అరిగింది. అది మార్చాలంటే చక్రం తీయాలి. ఎన్నేళ్లుగా తీయలేదో ఎవరికీ తెలీదు.

“ఇంజినీరువి కదా అల్లుడూ, తియ్యి చూద్దాం” అన్నారు మేస్త్రి. మామయ్య స్నేహితుడు కాబట్టి నేను ఆయనకీ అల్లుణ్నే.

నేను హారన్ బటన్ పీకేసి, పెద్ద బాక్స్ పానాతో నట్టు మొత్తం విప్పేశాను. చక్రం కదల్లేదు. రెండు చేతులతో లాగాను, మోకాళ్లు కింద పెట్టి ఎత్తాను. ఊహూ. దాంతో సుత్తి తీసుకుని షాఫ్ట్ కొన మీద నాలుగు దెబ్బలు గట్టిగా వేశాను. మేస్త్రి టీ గ్లాసు పక్కన పెట్టి పరుగెత్తుకొచ్చారు. అప్పటికే షాఫ్ట్ కొన పుట్టగొడుగులా అణిగింది, పై రెండు మరలు పోయాయి. ఆయన తిట్టలేదు. ముక్కోణపు ఆకురాయి చేతిలో పెట్టి, “మర మళ్లీ నట్టు పట్టేదాకా అరగదియ్యి” అన్నారు. ఆ మధ్యాహ్నమంతా అదే పని. ఇలాంటి పాత లారీలు చాలావాటిలో ఈ షాఫ్ట్ కిందికెళ్లి స్టీరింగ్ బాక్సులోని వర్మ్‌తో కలిసే ఉంటుంది. పైన మర పాడైతే కింద బాక్సు మొత్తం దించాలి. స్పేర్ పార్టు షాపులో దొరికే బండి కూడా కాదు. చేతులు బొబ్బలెక్కుతుంటే ఇది బాగా అర్థమైంది.

అసలు చక్రం ఎందుకు రాదు? షాఫ్ట్ చివర సన్నగా పళ్లు, అంటే స్ప్లైన్లు ఉంటాయి. ఈ బండిలో ఆ భాగం టేపర్‌గా, పైకి పోనుపోనూ సన్నబడి ఉంది. నట్టు బిగించేకొద్దీ చక్రం బొడ్డు మేకులా దిగి కూర్చుంటుంది. వర్క్‌షాప్ ల్యాబులో లేత్ మీద టేపర్ షాంక్ డ్రిల్లు చూశారు కదా, స్లీవ్‌లోంచి దాన్ని తీయడానికి ప్రత్యేకంగా డ్రిఫ్ట్ కొడతారు. అదే సూత్రం. ఘర్షణ గుణకం 0.15 అనుకుంటే ఘర్షణ కోణం సుమారు 8.5 డిగ్రీలు. టేపర్ అర్ధకోణం అంతకన్నా తక్కువైతే నట్టు తీసేసినా చక్రం దానంతటది వదలదు. ఫస్టియర్‌లో రెండు మార్కుల కోసం బట్టీ పట్టిన ముక్కే ఇది! దానికి తుప్పు తోడైంది. ఇనుము తుప్పుగా మారితే రెట్టింపుకు పైగా చోటు ఆక్రమిస్తుంది. అంటే ఉన్న బిగువు మీద ఇంకో బిగువు.

రెండో రోజు మేస్త్రి చెప్పినట్టు చేశాను. ముందు బ్యాటరీ వైరు తీసేయడం. ముందు చక్రాలు నిటారుగా ఉంచి, షాఫ్ట్ మీద, బొడ్డు మీద ఎదురెదురుగా పంచ్‌తో ఒక్కో చుక్క కొట్టడం. ఈ గుర్తు లేకపోతే తిరిగి వేసేటప్పుడు స్టీరింగ్ వంకరగా కూర్చుంటుంది. తర్వాత నట్టును మళ్లీ ఎక్కించి, షాఫ్ట్ కొనతో సమానంగా ఉండేలా కొన్ని మరల మీద వదిలేయడం. చుట్టూ తుప్పు వదిలించే నూనె పోసి... ఏమీ చేయకపోవడం. రాత్రంతా నాననివ్వాలి. మధ్యలో రెండుసార్లు మళ్లీ పోశాం. యూట్యూబ్ వీడియోల్లో ఈ పన్నెండు గంటలూ కట్ చేసేస్తారు, అందుకే మనకు పని తేలిగ్గా కనిపిస్తుంది.

మూడో రోజు పుల్లర్. దాని కాళ్లు తగిలించాల్సింది అంచుకో, ఊచలకో కాదు, బొడ్డు కిందే. అంచుకు తగిలిస్తే ఊచలు వంగుతాయి, పైనున్న గట్టి ప్లాస్టిక్ పగుళ్లిస్తుంది. పుల్లర్ మధ్య బోల్టు ఎం16. 40 సెంటీమీటర్ల పానా చివర 20 కిలోల బలంతో లాగితే దాదాపు 80 న్యూటన్ మీటర్ల టార్క్. దాన్ని 0.2తో, 0.016 మీటర్ల వ్యాసంతో భాగించండి: 25,000 న్యూటన్లు. ఇరవై కిలోల చేతి బలం రెండున్నర టన్నుల లాగుడైంది! నేను మోకాళ్లతో ఎత్తిందేమో మహా అయితే యాభై కిలోలు. లెక్క మట్టిలో రాసి చూపిస్తే మేస్త్రి నవ్వి, “అవన్నీ నాకెందుకల్లుడూ, బోల్టు మూలిగితే ఆపాలె, అంతే” అన్నారు.

ఆపాం కూడా. ఆ బిగువు అలాగే ఉంచి, ఇత్తడి కడ్డీ అడ్డంపెట్టి బొడ్డుకు పక్కనుంచి చిన్న చిన్న దెబ్బలు. కింది వైపు కొట్టకూడదు, ఆ దెబ్బంతా స్టీరింగ్ బాక్సు బేరింగులకు పోతుంది. అయినా రాలేదు. అప్పుడు పైనున్న నూనెంతా శుభ్రంగా తుడిచి, పక్కన తడి గోనెపట్టా పెట్టుకుని, బ్లో ల్యాంపుతో బొడ్డును మాత్రమే వేడిచేశాం. నూనె తుడవకుండా మంట చూపించారో, అంతే సంగతులు. 25 మిల్లీమీటర్ల రంధ్రం 100 డిగ్రీలు వేడెక్కితే 0.03 మిల్లీమీటర్లు పెద్దదవుతుంది. మీ జిరాక్స్ కాగితం మందంలో మూడో వంతు. లోపలి షాఫ్ట్ ఇంకా చల్లగా ఉండగానే పుల్లర్ మరో పావు చుట్టు తిప్పాను.

తుపాకీ పేలినట్టు ‘ఠప్’మంది. చక్రం ఎగిరి నట్టుకు తగిలి ఆగింది. ఆ నట్టు లేకపోతే ఆగేది నా గడ్డం దగ్గర.

ఆ తర్వాత రెండు నెలలకు ఓ ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ట్రైనీ ఇంటర్వ్యూ. కొన్న ప్రాజెక్టు తీసేసి, ‘శక్తిమాన్ లారీ స్టీరింగ్ బేరింగ్ మార్పు, చండ్రుగొండ’ అని ఒక్క లైను రాశాను. ప్యానెల్‌లో పెద్దాయన కళ్లజోడు సర్దుకుని, “నట్టు పూర్తిగా ఎందుకు తీయలేదు?” అన్నారు. మర చెడకుండా ఉండటానికి, చక్రం మొహానికి తగలకుండా ఉండటానికి అని చెప్పి, మొదటిరోజు నేను చేసిన నిర్వాకం కూడా చెప్పేశాను. “తిరిగి ఎంత టార్క్‌కి బిగించారు?” అన్నారు. “తెలీదు సార్. మాన్యువల్ దొరకలేదు. కొత్త లాక్ వాషర్ వేసి మేస్త్రే బిగించారు. మాన్యువల్ దొరికేదాకా బండి రోడ్డెక్కించొద్దని రైతుకు చెప్పాం” అన్నాను. ఆయన ఏదో రాసుకున్నారు. ఉద్యోగం వచ్చింది.

ఇలాంటి పనే ఇష్టమైతే వెతకాల్సిన చోట్లున్నాయి. సైన్యం వాహనాలు బాగుచేసే ఈఎంఈ విభాగం శిక్షణ కళాశాల మన సికింద్రాబాద్‌లోనే ఉంది. ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలు 2021 అక్టోబరు 1న ఏడు ప్రభుత్వ కంపెనీలయ్యాయి. జబల్‌పూర్ వాహనాల ఫ్యాక్టరీ, సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారం ఫ్యాక్టరీ రెండూ వాటిలో ఆర్మర్డ్ వెహికల్స్ నిగం కిందకు వస్తాయి. అప్రెంటిస్ నోటిఫికేషన్లు పడినప్పుడు స్టైపెండ్ తక్కువని వదిలేయకండి. నేను ఆ మూడు రోజులూ ఉచితంగానే చేశాను, పైగా టీ డబ్బులు నావే.

లారీ స్టీరింగ్ ఇప్పుడు ఊగడం లేదట. హారన్ మాత్రం చక్రం కుడికి తిప్పితేనే మోగుతోందట. వైరు పీకింది నువ్వే కాబట్టి ఈసారి వచ్చినప్పుడు అది నీ పనేనని మేస్త్రి ఫోన్ చేశారు.